పాఠకుల ప్రశ్నలు: వెలోడ్రోమ్‌లో తొలి సైకిల్ పందేలు

కొన్నాళ్ల కిందట ఈ శీర్షికలో 1896 నాటి ఏథెన్స్ ఒలింపిక్స్ గురించి రాస్తూ, రెండు కిలోమీటర్ల సైకిల్ పందెంలో గెలిచిన వ్యక్తికి దాదాపు ఐదు నిమిషాలు పట్టిందని ఒక వాక్యం రాశాము. అది అచ్చుతప్పు అయి ఉంటుందని, పొద్దున్నే పాలు పోసే కుర్రవాడు కూడా ఆ మాత్రం తొక్కుతాడని కొందరు పాఠకులు ఉత్తరాలు రాశారు. పాలక్యాన్లు తగిలించుకుని గంటకు 24 కిలోమీటర్ల వేగంతో తొక్కడం అంత తేలికేమీ కాదు గానీ, వారి అనుమానంలో న్యాయం ఉంది. అంకె మాత్రం సరైనదే. ఆ ఉత్తరాలతో పాటు వచ్చిన మరికొన్ని ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: ఏథెన్స్‌లో సైకిల్ పందేలు ఎక్కడ జరిగాయి? పాత బొమ్మల్లో కనిపించే పాలరాతి స్టేడియంలోనేనా? (ఒక పాఠకుడు, తెనాలి)

కాదు. పాలరాతి మెట్లున్న స్టేడియం సన్నగా, పొడవుగా, మలుపులు మరీ ఇరుగ్గా ఉంటుంది. పరుగు పందేలవారే ఆ మలుపుల దగ్గర ఇబ్బంది పడ్డారు. సైకిళ్ల కోసం ఏథెన్స్ రేవైన పిరయస్ దగ్గర, సముద్రపు ఒడ్డున, నియో ఫాలిరోన్ అనే చోట వేరే వెలోడ్రోమ్, అంటే సైకిల్ పందేల కోసమే వేసిన గుండ్రని బాట, కట్టారు. ఒక చుట్టు 333.33 మీటర్లు. ఈ వింత కొలతకు కారణం తేలిక లెక్కే: మూడు చుట్లు తిరిగితే ఒక కిలోమీటరు. సముద్రపు గాలికి అడ్డేమీ లేని చోటు కావడంతో చుట్టులో సగం దూరం గాలి వీపు మీద చరిస్తే, మిగతా సగం ఎదురు నిలుస్తుంది.

అక్కడ అయిదు పందేలు జరిగాయి: ఒకే ఒక్క చుట్టును గడియారంతో కొలిచే టైమ్ ట్రయల్, రెండు కిలోమీటర్ల స్ప్రింట్, 10 కిలోమీటర్లు, 100 కిలోమీటర్లు, ఆపైన పన్నెండు గంటల పందెం. ఏథెన్స్ నుంచి మారథాన్ వెళ్లి తిరిగి వచ్చే రోడ్డు పందెం కూడా కలుపుకుంటే అన్నిటికీ కలిపి పాల్గొన్నవారు అయిదు దేశాలకు చెందిన 19 మంది మగవాళ్లు మాత్రమే. ఫ్రాన్స్ నుంచి వచ్చిన పాల్ మాసన్ టైమ్ ట్రయల్, స్ప్రింట్, 10 కిలోమీటర్లు, ఈ మూడింటినీ ఏప్రిల్ 11న ఒక్కరోజే గెలుచుకున్నాడు. ఆ వెలోడ్రోమ్ ఇప్పుడు లేదు. ఆ స్థలంలోనే కరైస్కాకిస్ ఫుట్‌బాల్ స్టేడియం ఉంది; ఒలింపియాకోస్ జట్టుకు అదే సొంత మైదానం.

ప్రశ్న: మీరిచ్చిన లెక్క ప్రకారం అదే మాసన్ అదే రోజు ఒక చుట్టును 24 సెకన్లలో తిరిగాడు. అంటే గంటకు 50 కిలోమీటర్లు. మరి ఆరు చుట్ల స్ప్రింట్‌లో వేగం సగానికి ఎలా పడిపోయింది? అలసిపోయాడా? (భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన పాఠకుడు, హనుమకొండ)

మాస్టారూ, లెక్క సరిగ్గా వేశారు, కానీ కారణం అలసట కాదు. స్ప్రింట్ అనే పేరు వినగానే మొదటి నుంచి చివరి దాకా ప్రాణం పెట్టి తొక్కే పందెమని అనుకుంటాము. టైమ్ ట్రయల్‌లో పోటీ గడియారంతో కాబట్టి ఒక్క సెకను కూడా వదులుకోవడానికి వీలుండదు. స్ప్రింట్‌లో గడియారానికి పనే లేదు. పక్కవాడి కంటే జానెడు ముందు గీత దాటితే చాలు. అలాంటప్పుడు ముందు పరిగెత్తినవాడికే నష్టం, ఎందుకంటే ఎదురుగాలినంతా అతడే చీల్చాలి. వెనుక చక్రానికి చక్రం ఆనించినట్టుగా వస్తున్నవాడు ఆ నీడలో తక్కువ శ్రమతో వచ్చి, చివరి రెండు వందల మీటర్లలో పక్కకు తప్పుకుని దూసుకుపోతాడు. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి ఇద్దరూ ‘ముందు మీరు, ముందు మీరు’ అన్నట్టు నడకలాంటి వేగంతో సాగుతారు. ఆ రోజు స్ప్రింట్‌లో పోటీ పడ్డవారు నలుగురే. అయిదు చుట్లు ఒకరినొకరు కనిపెట్టుకుంటూ గడిచిపోతే, అసలు పందెం చివరి చుట్టులో జరిగిందని అనుకోవచ్చు. మాసన్ గెలిచాడు, గ్రీకు పోటీదారు స్టమాటియోస్ నికోలోపులోస్ రెండోవాడయ్యాడు.

మన బడుల వార్షికోత్సవాల్లో స్లో సైకిల్ పోటీ చూసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. కాలు కింద పెట్టకూడదు, పక్క గీత తొక్కకూడదు, అందరికంటే ఆఖరున చేరాలి. హ్యాండిల్‌ను ఇటూ అటూ సన్నగా వణికిస్తూ, చక్రాన్ని అంగుళం ముందుకు, అర అంగుళం వెనక్కు అన్నట్టు నిలబెట్టే పిల్లవాడి ముఖంలో ఎంత ఏకాగ్రత ఉంటుందో మనం చూసిందే. స్ప్రింట్‌లో పెద్దవాళ్లు చేసేదీ అదే, కాకపోతే ఆ తర్వాత పది పదకొండు సెకన్ల పాటు పిడుగులా తొక్కవలసి ఉంటుంది. ట్రాక్ సైకిల్‌కు ఫ్రీవీల్ (పెడళ్లు ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే భాగం) ఉండదు కాబట్టి ఏటవాలు గట్టు మీద చక్రాన్ని ఎత్తుకు మళ్లించి, పెడళ్ల మీద బరువును ముందుకూ వెనక్కూ సర్దుతూ ఉన్నచోటే నిలిచిపోవచ్చు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో ఇటలీకి చెందిన జొవాన్నీ పెట్టెనెల్లా, ఫ్రాన్స్‌కు చెందిన పియెర్ త్రాంతాఁ ఇలా దాదాపు 22 నిమిషాలు కదలకుండా నిలబడ్డారు. టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లు ఆ ఇరవై రెండు నిమిషాలు ఏమనుకున్నారో ఊహించుకోవలసిందే. అందుకే ఇలా నిలబడడానికి ఆ తర్వాత నిబంధనల్లో హద్దులు పెట్టారు.

ప్రశ్న: ఒక ఒలింపిక్స్‌లో సైకిల్ ఫైనల్ జరిగినా ఎవరికీ పతకం ఇవ్వలేదని విన్నాను. నిజమేనా? (ఒక పాఠకురాలు, కాకినాడ)

నిజమే, పై జవాబుకు అది కొనసాగింపు కూడా. 1908 లండన్ ఒలింపిక్స్‌లో సైకిల్ ట్రాక్‌ను వైట్ సిటీ ప్రధాన స్టేడియంలోనే, పరుగు బాటకు చుట్టూ వేశారు. ఒక చుట్టు 660 గజాలు, అంటే సుమారు 603 మీటర్లు. సైక్లిస్టులు ఇలా పాకుతూ కాలక్షేపం చేయడం నిర్వాహకులకు గిట్టలేదు. అందుచేత వెయ్యి మీటర్ల స్ప్రింట్‌ను ఒక నిమిషం 45 సెకన్లలోపు ముగించకపోతే పందెమే చెల్లదని ముందుగానే నియమం పెట్టారు.

ఫైనల్‌కు ఫ్రాన్స్ నుంచి మోరిస్ షీల్, బ్రిటన్ నుంచి బెంజమిన్ జోన్స్, విక్టర్ జాన్సన్, క్లారెన్స్ కింగ్స్‌బరీ వచ్చారు. జాన్సన్‌కు, కింగ్స్‌బరీకి టైర్లు పంక్చరయ్యాయి. మిగిలిన ఇద్దరూ నియమాన్ని పట్టించుకోకుండా, అలవాటు ప్రకారం ఒకరినొకరు చూసుకుంటూ మెల్లగా తిరిగి, చివర్లో ఒక్కసారిగా దౌడు తీశారు; షీల్ కొద్ది అంగుళాల తేడాతో గీత దాటాడు. గడువు మాత్రం దాటిపోయింది. పందెం చెల్లదన్నారు, తిరిగి జరపడానికి కూడా ఒప్పుకోలేదు. ఆ ఏటి పతకాల జాబితాలో వెయ్యి మీటర్ల స్ప్రింట్ గడి ఈనాటికీ ఖాళీగానే ఉంది.

మా అభిప్రాయం అడిగితే, నిర్వాహకులది మొండితనమే. తమ దేశపువాళ్లు ముగ్గురు ఫైనల్లో ఉండగా ఆ నిర్ణయం తీసుకున్నారు కాబట్టి పక్షపాతమని అనలేము గానీ, చదరంగంలో ఆలోచిస్తున్నవాడిని చేతులు కదపడం లేదని తరిమేసినట్టుగా ఉంది ఆ తీర్పు. షీల్ ఉత్త చేతులతో మాత్రం తిరిగి వెళ్లలేదు. ఆంద్రే ఓఫ్రేతో కలిసి ఇద్దరు తొక్కే టాండెమ్ సైకిల్ పందెం గెలిచాడు.

ప్రశ్న: పోటీదారుడి సైకిల్ చెడిపోతే ఆగి, అది బాగయ్యేదాకా ఎదురుచూసి, తర్వాత అతడినే ఓడించిన ఫ్రెంచి సైక్లిస్టు కథను మా అబ్బాయి బడిలో చెప్పారట. పిల్లలకు చెప్పే కల్పిత కథేనా? (ఒక పాఠకురాలు, నిజామాబాద్)

కల్పితం కాదు. 1896 పోటీల గురించి రాసిన చరిత్రకారులంతా చెప్పే సంఘటనే. ఆ సైక్లిస్టు పేరు లెయోఁ ఫ్లామెంగ్. పందెం 100 కిలోమీటర్లది, అంటే ఆ 333 మీటర్ల బాట మీద మూడు వందల చుట్లు. ఏప్రిల్ 8న తొమ్మిది మంది మొదలుపెట్టారు. ఒక్కొక్కరే తప్పుకుంటూ పోగా చివరకు మిగిలింది ఫ్లామెంగ్, గ్రీకు పోటీదారు గెయోర్గియోస్ కొలెట్టిస్, ఈ ఇద్దరే. మధ్యలో కొలెట్టిస్ సైకిల్ మరమ్మతుకు వచ్చింది. ఫ్లామెంగ్ కూడా ఆగాడు. సైకిల్ బాగయ్యాక ఇద్దరూ మళ్లీ మొదలుపెట్టారు. ఫ్లామెంగ్ 3 గంటల 8 నిమిషాల 19 సెకన్లలో పూర్తి చేసి, కొలెట్టిస్ కంటే పదకొండు చుట్లు ముందున్నాడు.

అబ్బాయికి ఆ చివరి అంకె కూడా చెప్పండి. పదకొండు చుట్లంటే మూడున్నర కిలోమీటర్లకు పైగా తేడా. ఆగడం వల్ల తాను ఓడిపోతాననే భయం ఫ్లామెంగ్‌కు పెద్దగా ఉండి ఉండదు. అయినా కూడా ఆగాలన్న నియమం లేదు, ఆగమని అడిగినవారూ లేరు. చుట్టూ ఉన్న జనమేమో కొలెట్టిస్ దేశంవాళ్లు. కాలు చల్లబడితే మళ్లీ ఊపందుకోవడం ఎంత కష్టమో దూరం తొక్కినవారికి తెలుసు. ఫ్లామెంగ్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి విమాన దళంలో పనిచేస్తూ 1917లో మరణించాడు.

ప్రశ్న: పన్నెండు గంటల పందెం అంటే నిజంగా పన్నెండు గంటలూ తొక్కారా? ఎవరు చూశారు? (ఒక పాఠకుడు, ఒంగోలు)

తొక్కారు. ఏప్రిల్ 13 తెల్లవారుజామున అయిదు గంటలకు మొదలై సాయంత్రం అయిదింటికి ముగిసింది. మొదలుపెట్టిన ఏడుగురిలో ఆఖరి దాకా నిలిచినవారు ఇద్దరే: ఆస్ట్రియాకు చెందిన అడాల్ఫ్ ష్మాల్, బ్రిటన్‌కు చెందిన ఫ్రెడరిక్ కీపింగ్. ష్మాల్ పొద్దుటి పూటే ఒక చుట్టు ఎక్కువ సంపాదించుకుని, మిగిలిన గంటలన్నీ దాన్ని కాపాడుకున్నాడు. సాయంత్రం లెక్క చూస్తే ష్మాల్ తొక్కింది 314.997 కిలోమీటర్లు, కీపింగ్ తొక్కింది 314.664 కిలోమీటర్లు. తీసివేసి చూడండి: 333 మీటర్లు. పన్నెండు గంటలు, తొమ్మిది వందల నలభైకి పైగా చుట్లు, చివరకు తేడా సరిగ్గా ఒక్క చుట్టు.

మన పల్లెల్లో ఒకప్పుడు బజారు కూడలిలో గుంజలు పాతి, తాడు కట్టి, సైకిల్ దిగకుండా రోజుల తరబడి గుండ్రంగా తిరిగే మనిషి వచ్చేవాడు. స్నానం, భోజనం, గడ్డం గీసుకోవడం అన్నీ సైకిల్ మీదే. మైకులో పాటలు, చొక్కాకు పిన్నీసుతో గుచ్చిన రూపాయి నోట్లు. ఈ జవాబు రాస్తున్నంతసేపూ మాకు ఆ మనిషే గుర్తుకొచ్చాడు. ఫాలిరోన్‌లో మైకు లేదు, నోట్లు గుచ్చేవాళ్లూ లేరు. ఒలింపిక్స్‌లో పన్నెండు గంటల పందెం మళ్లీ ఎన్నడూ పెట్టలేదు.

ష్మాల్ ఆ పోటీల్లోనే సేబర్ కత్తిసాములో కూడా పాల్గొని నాలుగో స్థానంలో నిలిచాడు; తర్వాతి కాలంలో మోటారు వాహనాల గురించి రాసే పత్రికా రచయితగా పేరు తెచ్చుకున్నాడు. కీపింగ్ కథ వేరు. అతడు ఏథెన్స్‌లోని బ్రిటిష్ రాయబార కార్యాలయంలో పనివాడు. రోడ్డు పందెంలో మూడోవాడిగా వచ్చిన ఎడ్వర్డ్ బ్యాటెల్‌ది కూడా అక్కడే అదే ఉద్యోగం. ఊళ్లో ఉన్న బ్రిటిష్ పెద్దమనుషుల్లో కొందరు వీళ్లను పోటీకి రానివ్వకూడదని పట్టుబట్టారు. ఇతరుల దగ్గర కూలికి పనిచేసేవాడు పెద్దమనిషి కాడు, పెద్దమనిషి కానివాడు అమెచ్యూర్ (డబ్బు కోసం కాక సరదా కోసం ఆడేవాడు) కాడు, ఇదీ వారి తర్కం. ఆనాటి ఇంగ్లండులో ఇది కొందరి దురహంకారం మాత్రమే కాదు. హెన్లీ పడవ పందేల వంటి పోటీల్లో కష్టజీవులకు ప్రవేశం లేదని నియమావళిలోనే రాసుకున్నారు. ఆట కోసం డబ్బు తీసుకున్నాడా లేదా అన్నది ఒక ప్రశ్న, బతుకు కోసం ఎవరి ఇంట్లో పళ్లాలు అందిస్తున్నాడన్నది వేరే ప్రశ్న. ఆ రెంటినీ కలిపేసి అమెచ్యూర్ అని ఒకే పేరు పెట్టారు. అభ్యంతరం నెగ్గలేదు. దొరగారి ఇంటి పనివాడు పన్నెండు గంటలు తొక్కి ఒక్క చుట్టు తేడాతో రెండోవాడయ్యాడు.

ప్రశ్న: సైకిల్ పందేల్లో దేశాల మధ్య పోటీలు ఏథెన్స్‌తోనే మొదలయ్యాయా? అప్పటి ప్రపంచంలో గొప్ప సైక్లిస్టులందరూ అక్కడికి వచ్చారా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

రెండింటికీ కాదనే జవాబు. హెన్రీ స్టర్మీ అనే ఆంగ్లేయుడి చొరవతో 1892లో అంతర్జాతీయ సైక్లిస్టుల సంఘం ఏర్పడింది. మరుసటి ఏడాది చికాగోలో మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. అక్కడ స్ప్రింట్‌లో అమెరికాకు చెందిన ఆర్థర్ జిమ్మర్‌మన్, 100 కిలోమీటర్లలో దక్షిణాఫ్రికాకు చెందిన లారెన్స్ మెయింటిస్ గెలిచారు. ఏథెన్స్‌కు మూడేళ్ల ముందటి మాట ఇది. జిమ్మర్‌మన్ ఆ తర్వాత డబ్బు తీసుకుని పోటీపడే ప్రొఫెషనల్‌గా మారాడు. ఒలింపిక్స్‌కు అప్పట్లో అమెచ్యూర్లకే అర్హత. పారిస్, లండన్ వెలోడ్రోమ్‌లలో వేలమందిని రప్పించగలిగినవారెవరూ ఏథెన్స్‌లో లేరు. కాబట్టి మాసన్ మూడు విజయాలను ప్రపంచంలోకెల్లా గొప్ప సైక్లిస్టు విజయాలుగా లెక్కించడం పొరపాటు.

ఈ సందర్భంలో మేజర్ టేలర్ పేరు చెప్పకుండా ఉండలేము. అమెరికాలో నల్లజాతీయులను ట్రాక్ మీదికి రానివ్వడానికే చాలామంది ఒప్పుకోని రోజుల్లో, 1899లో మాంట్రియల్‌లో ఆయన ప్రొఫెషనల్ స్ప్రింట్ ప్రపంచ విజేత అయ్యాడు. తెల్లవాళ్ల సంఘాలు తలుపులు మూసిన ఊళ్లలో పోటీ పడలేక యూరప్‌కు, ఆస్ట్రేలియాకు వెళ్లి గెలిచాడు. ఆయన గురించి ఈ శీర్షికలో విడిగా రాయవలసి ఉంది.

ప్రశ్న: ట్రాక్ సైకిళ్లకు బ్రేకులు ఉండవట. మరి ఎలా ఆపుతారు? (తొమ్మిదో తరగతి విద్యార్థి, అనంతపురం)

బాబూ, నీ సైకిల్ తొక్కడం ఆపినా చక్రం టిక్కు టిక్కుమంటూ తిరుగుతూనే ఉంటుంది కదా, ఆ చప్పుడు వెనుక చక్రంలోని ఫ్రీవీల్‌ది. ట్రాక్ సైకిల్‌కు అది ఉండదు. వెనుక చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్లు కూడా తిరగవలసిందే. నువ్వు ఆపాలనుకుంటే పెడళ్లను వెనక్కు అదిమిపట్టి, వేగాన్ని కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి. మరచిపోయి ఒక్కసారిగా కాళ్లు బిగించావంటే సైకిల్ నిన్ను సీటు మీది నుంచి పైకి లేపుతుంది. బ్రేకులు లేకపోవడం ప్రమాదం అనిపిస్తుంది గానీ, అందరూ ఒకే దిక్కుగా తిరిగే బాట మీద ముందున్నవాడు హఠాత్తుగా బ్రేకు వేయడమే వెనుకవాళ్లకు అసలు ప్రమాదం. 1896లో ఫ్రీవీల్ ఇంకా వాడుకలోకి రాలేదు కాబట్టి, రోడ్డు మీద తిరిగే సైకిళ్లు కూడా చాలామటుకు ఇలాంటివే. గాలి నింపే టైర్లకు మాత్రం అప్పటికే ఎనిమిదేళ్ల వయసు. 1888లో డన్‌లప్ వాటికి పేటెంట్ పొందాడు. రోడ్డు మీద నువ్వు మాత్రం రెండు బ్రేకులూ సరిగ్గా ఉన్న సైకిలే తొక్కు.

ప్రశ్న: మాసన్‌కు మూడు బంగారు పతకాలు వచ్చాయని ఒక చోట, వెండి పతకాలని మరో చోట చదివాను. ఏది సరైనది? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

చేతికి వచ్చింది వెండే. 1896లో మొదటి స్థానానికి వెండి పతకం, ఆలివ్ కొమ్మ, యోగ్యతా పత్రం ఇచ్చారు. రెండో స్థానానికి కంచు పతకం. మూడో స్థానానికి ఏమీ లేదు. బంగారం, వెండి, కంచు అనే వరుస 1904లో మొదలైంది. పాత విజేతలందరినీ అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం ఆ తర్వాత ఈ వరుసలోకి సర్దింది కాబట్టి, జాబితాల్లో బంగారం అని కనిపిస్తుంది.

ప్రశ్న: ఆ తర్వాత ప్రతి ఒలింపిక్స్‌లోనూ ట్రాక్ సైక్లింగ్ ఉందా? మనవాళ్లు, ఆడవాళ్లు ఎప్పుడు పాల్గొన్నారు? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

1912 స్టాక్‌హోమ్‌లో తప్ప అన్నిటిలోనూ ఉంది. అక్కడ ఒక్క రోడ్డు పందెమే జరిపారు. స్త్రీలకు ట్రాక్ మీద ఒలింపిక్ అవకాశం 1988 సియోల్‌లో గాని రాలేదు, అంటే తొంభై రెండేళ్లు పట్టింది; తొలి స్ప్రింట్ గెలిచినది ఎస్తోనియాలో పుట్టి సోవియట్ యూనియన్ తరఫున పోటీ చేసిన ఎరికా సలుమే. స్వతంత్ర భారతదేశపు సైక్లిస్టులు 1948 లండన్ ఒలింపిక్స్‌లో, 1891లో కట్టిన హెర్న్ హిల్ వెలోడ్రోమ్‌లో జట్లు ఒకదాన్నొకటి తరిమే టీమ్ పర్స్యూట్‌కు దిగారు. దగ్గరలో చూడాలంటే హైదరాబాదులో 2002 జాతీయ క్రీడల నాటి వెలోడ్రోమ్ ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ఉంది. మలుపు దగ్గర గట్టు కింద నిలబడి పైకి చూడండి. ఆ ఏటవాలు ఫొటోల్లో తెలిసేది కాదు.

ప్రశ్న: మాసన్ తర్వాత ఏమయ్యాడు? (పేరు రాయని పాఠకుడు)

ప్రొఫెషనల్‌గా మారాడు. అప్పుడు తన ఇంటిపేరులోని రోమన్ అక్షరాలను చివరి నుంచి మొదటికి తిరగేసి, పాల్ నోసామ్ అనే పేరుతో పందేలకు దిగాడు.